తొమ్మిది సూదులు, ఎనిమిది దారాలు

నా చిన్నప్పుడు మా ఇంటి నుంచి పోయినవాటిని లెక్క రాస్తే ఇట్లా వస్తుంది. మా మేనత్త ఎడమ దవడలోని పళ్లు మూడు. ఇంట్లో మేనత్తదీ నాదీ ఆగిపోయిన పని పంతొమ్మిది రోజులు. ఒక నర్సమ్మ కొలువు. అది మా ఇంటిది కాదు గానీ మా వల్లనే పోయింది కనుక మా లెక్కలోకే వస్తుంది. నలభై ఐదు గంటలు. ఆ తర్వాత పదకొండు నెలలకు మా మేనత్త. పోయిందని అందరి మీదా అరిచిన సూది మాత్రం పోలేదు. అది మొదటి నుంచీ ఉన్న చోటనే ఉంది.

నాకిప్పుడు యాభై దగ్గర పడ్డాయి. బడికి పోయిన దాన్ని కాను. కూడికలు, తీసివేతలు, ఆ మీదట వచ్చినవన్నీ ఒకదాని వెంట ఒకటి నాకు నేనే నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరికి బావి తవ్వకం కొలత తేలకపోయినా, నూలు ఎన్ని చిలపలు, అంటే ఎన్ని చుట్టలు, పట్టేదీ తెలియకపోయినా నా దగ్గరికే వస్తారు. మొదటి లెక్క ఎవరు నేర్పారని అడుగుతారు. మమ్మల్ని ఏ మాత్రం ఇష్టపడని ఒక మనిషి నేర్పిందని చెబుతాను. వాళ్లు నవ్వుతారు. అందులో నవ్వడానికి ఏమీ లేదు.

అప్పుడు నాకు పదేళ్లు. నిజాం రాజ్యం ఇంకో పదేళ్లు కూడా నిలవదని ఎవరికీ తెలియని రోజులు. మాది పోచంపల్లి అవతల నేతగాళ్ల ఊరు. ఇంటింటా తేలియా రుమాళ్లు నేసేవాళ్లు. వాటి నూలును ఆముదంలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్లలో ముంచి పిండి ఎండబెట్టడం, మర్నాడు మళ్లీ ముంచడం, అట్లా రెండు మూడు వారాలు చేస్తే గాని ఎరుపు పట్టేది కాదు. మా మేనత్త చిటికి కట్టేది. అంటే రంగు తగలకూడని చోట నూలును గట్టిగా చుట్టి కట్టే పని. భర్త పోయి మా ఇంటికే వచ్చి ఉండేది. నోరు చెడ్డది. పొద్దున లేచింది మొదలు ఆమె ఎడమ దవడలో పొగాకు ఉండేది.

నా పని తెగిన పోగులు అతకడం. ముడి వేస్తే మగ్గంలో ఇరుక్కుని ఆ పోగు మళ్లీ తెగుతుంది. అందుకని రెండు కొసలనూ కాస్త విప్పి, గంజితో తడిపి, ఒకదానిలో ఒకటి కలిసిపోయేట్టు వేళ్ల మధ్య మెలేయాలి. ఆరిన తర్వాత ఎక్కడ అతికామో కంటికి దొరకకూడదు. దొరికితే మేనత్త నెత్తిన మొట్టేది. "ఇది అతుకానే, పుండానే?" అనేది. పదేళ్లకే నా అతుకు ఆమెకు కూడా దొరకడం మానేసింది. అది నాకు పెద్ద గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని కూడా పోయినవాటిలో రాయవలసింది, మరిచాను.

పుండు నిజంగా లేచింది ఆమె దవడ లోపల. ఆకు పసరు పెట్టారు, వాత పెట్టారు, మూడు పళ్లు పీకించారు. తగ్గలేదు. అప్పుడు ఎవరో నల్లగొండ వైపు ఒక మిషన్ దవాఖాన ఉందనీ, అక్కడికి పట్నం నుంచి రేడియం వస్తున్నదనీ చెప్పారు. ఆ మాటకు అర్థం చెప్పిన వాళ్లు లేరు. నాయిన, అమ్మ మగ్గం దిగడానికి వీల్లేదు. మేనత్తకు తోడు నేను పోయాను. నాయిన మమ్మల్ని బండిలో తీసుకుపోయి దింపి అదే బండిలో తిరిగి వచ్చాడు.

ఆ దవాఖానలో మమ్మల్ని చూసి సంతోషపడ్డ వాళ్లు ఎవరూ లేరు. మా బట్టల నుంచి ఆముదం కంపు వస్తుందని పక్క మంచం ఆమె ముక్కు మూసుకుని వేరే గదికి పోయింది. డాక్టర్ సాబ్ పట్నం మనిషి. మేనత్త నోరు తెరిపించి చూసి, ఇన్నాళ్లు ఏం చేసినవని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. మిగిలింది నర్సమ్మ. ఆమెది మా వైపు ఊరే. ఆమె తాత, తండ్రి వెట్టి చేసిన వాళ్లు, భూమి లేని వాళ్లు. తర్వాత ఆ కుటుంబం మిషన్ మతంలో కలిసింది, ఆమె చదువుకుంది. ఇదంతా మేనత్త మొదటి రోజే వార్డులో అడిగి తెలుసుకుంది. తెలుసుకుని, ఆమె తెచ్చిన నీళ్ల చెంబును గోడ వైపుకు నెట్టింది.

"దాని చేతి నీళ్లు నాకొద్దని చెప్పే పిల్లా," అంది నాతో. నర్సమ్మ మూడడుగుల దూరంలోనే ఉంది.

నర్సమ్మ కూడా నాతోనే అంది. "మీ అత్తకు చెప్పు. రేపు ఆమె దవడల సూదులు గుచ్చేటప్పుడు పట్టుకొని అందిచ్చేది గీ చేతులే. అప్పుడు కూడ వద్దంటదేమో అడుగు."

ఆమె చేతులు చూపించింది. వేళ్ల కొసలన్నీ బీటలు వారి ఉన్నాయి, గోళ్లు ఎండి చీలికలుగా లేచి ఉన్నాయి. మేనత్త మొహం తిప్పేసుకుని, దానికేదో అంటురోగం ఉందని మెల్లగా అంది. రేడియం సూదులు ఏళ్ల తరబడి పట్టుకుంటే వేళ్లు అట్లా అవుతాయని నాకు తర్వాత తెలిసింది. మేనత్తకు చెప్పాను. నమ్మలేదు.

నీళ్లు నేనే బావి నుంచి తెచ్చేదాన్ని.

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు సూదులు పెట్టారు. తొమ్మిది. ఒక్కోటి నా చిటికెన వేలిలో సగమంత పొడవు, లోపల బోలు, ఆ బోలులో ఒక మిల్లీగ్రాము రేడియం. మొద్దు కొసన చిన్న బెజ్జం, ఆ బెజ్జానికి పట్టు దారం. సూది కండలోకి పూర్తిగా దిగిపోతుంది, దారం మాత్రం నోటి మూల నుంచి బయటికి వస్తుంది. తొమ్మిది దారాలనూ చెంప మీద ప్లాస్టరుతో అంటించారు. రోజుకు మూడుసార్లు ఆ దారాలను లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. ఎందుకంటే ఆ రేడియం దవాఖానది కాదు. పట్నం నుంచి సీసం పెట్టెలో అరువు వచ్చింది. ఎన్ని వచ్చాయో అన్ని తిరిగి పోవాలి.

నన్ను మంచానికి మూడు మూరల అవతల కూర్చోమంది నర్సమ్మ. కారణం చెప్పకుండా కూర్చోమంటే కూర్చునే పిల్లను కాను నేను. ఎందుకని అడిగాను. విసుక్కుంది గాని చెప్పింది. రేడియం నిప్పు కాదు, రాజేసే పని లేదు, ఆర్పే వీలు లేదు. దానంతట అదే లోపల విరిగిపోతూ ఉంటుంది. విరిగినప్పుడల్లా కంటికి కనపడనిది ఒకటి బయటికి విసురుతుంది. అది కండలో నుంచి దూసుకుపోతుంది. పుండు కండ తొందర తొందరగా పెరిగే రకం కనుక దానికి దెబ్బ ఎక్కువ తగులుతుంది, మంచి కండ ఓర్చుకుని మళ్లీ కోలుకుంటుంది. దూరం రెండింతలు చేస్తే తగిలేది సగం కాదు, నాలుగో వంతు. మూడింతలు చేస్తే తొమ్మిదో వంతు. "అందుకే మూడు మూరలు. నీ మీద ప్రేమ ఉండి గాదు," అంది.

ఎంతకాలం ఉంచాలని అడిగాను. ఏడు రోజులు. నూట అరవై ఎనిమిది గంటలు. మరి పద్దెనిమిది సూదులు పెట్టి సగం రోజుల్లో తీసేయరాదా అని అడిగాను. నర్సమ్మ నా వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. మీ ఇంట్ల నూలుకు నూనె ఎన్ని రోజులు పట్టిస్తరని ఎదురడిగింది. ఇరవై రోజులని చెప్పాను. నూనె రెండింతలు పోసి పది రోజుల్లో ముగించరాదా అంది. నూలు చెడుతుందన్నాను. ఇంకేం మరి అన్నట్టు చెయ్యి ఊపి పోయింది.

అట్లా మొదలైంది నా చదువు. తొమ్మిది మిల్లీగ్రాములు, నూట అరవై ఎనిమిది గంటలు. రెంటినీ గుణిస్తే వచ్చేదే మందు కొలత. దాన్ని మిల్లీగ్రాము-గంటలు అంటారు. ఆకు మందులా తూచేది కాదు, సీసాలో పోసేది కాదు. ఎంత రేడియం ఎంతసేపు ఉందన్నదే మోతాదు. మేనత్తకు పడవలసింది వెయ్యిన్ని ఐదు వందల పన్నెండు. నాకు గుణకారం రాదు. నర్సమ్మ ఒక్కసారి చెప్పింది, నేను ఆ అంకెను గుర్తుపెట్టుకున్నాను. గంటలు మాత్రం నేను లెక్కపెట్టగలను. దవాఖాన వాకిట్లో చప్రాసీ గంట గంటకూ గంట కొట్టేవాడు. నా కొంగులో దారం ఉండ ఉంది. గంట మోగినప్పుడల్లా అందులో ఒక ముడి. నిద్రపోయినప్పుడు జారిపోయిన గంటలను తెల్లవారి నర్సమ్మను అడిగి ముడి వేసేదాన్ని. ఆమె విసుక్కోకుండా జవాబు చెప్పేది ఆ ఒక్క ప్రశ్నకే.

గురువారం సాయంత్రం దవాఖాన వెనక వంటామె మంగలంలో జొన్నపేలాలు వేయిస్తున్నది. నర్సమ్మ నన్ను అక్కడికి పిలిచి, మంగలంలోకి చూడమంది. ముందు ఏ గింజ పేలుతుందో చెప్పమంది. నేనొక గింజను చూపించాను. అది పేలలేదు, దాని పక్కది పేలింది. ఇంకోటి చూపించాను. మళ్లీ తప్పింది. అప్పుడు చెప్పింది. రేడియం కూడా ఇంతే. ఏ గింజ ఎప్పుడు పేలుతుందో డాక్టర్ సాబ్ కాదు గదా, ఎవ్వరూ చెప్పలేరు. కాని సగం గింజలు పేలడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం చెప్పొచ్చు. అంతే సేపు ఇంకోసారి ఆగితే మిగిలిన సగంలో సగం. ఇంకోసారి ఆగితే అందులో సగం. జొన్నలకు ఇది నిమిషాల పని. రేడియానికి సగమయ్యేందుకు పదహారు వందల ఏళ్లు.

"పానగల్ గుడి చూసినవా?" అంది. చూశానన్నాను. "అది కట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నేండ్లో అన్నేండ్లు ఒకసారి. మళ్ల అన్నేండ్లు ఇంకోసారి. అప్పటికి గానీ నీ అత్త నోట్లె ఉన్నది సగం గాదు. ఇంక నువ్వు సూదులు ఎప్పుడు సల్లారుతయని అడుగకు."

ఇదంతా మేనత్తకు వచ్చి చెప్పేదాన్ని. నోట్లో సూదులుండి ఆమె సరిగా మాట్లాడలేదు, నాలిక తిరగదు. అయినా తిట్లకు తక్కువ లేదు. నర్సమ్మ దారాలు లెక్కపెట్టేందుకు వంగినప్పుడల్లా కళ్లు మూసుకుని ఊపిరి బిగబట్టేది. నర్సమ్మ కూడా లెక్కను గట్టిగా, ఎవరికో అప్పగిస్తున్నట్టు చెప్పేది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది వరకు. ఆ ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు. ఒక్కసారి కూడా మంచి మాట అనలేదు. రెండూ రాస్తున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు నర్సమ్మ లెక్కపెట్టి, తొమ్మిది అని రాసి, పక్క వార్డుకు పోయింది. తర్వాత మేనత్త నన్ను చేత్తో పిలిచింది. నోటి మూల రెండు దారాలు పెదవికి రాసుకుని రాసుకుని, అందులో ఒకటి నలిగి పీచు లేచింది. ప్లాస్టరు దగ్గర తెగింది. తెగిన కొస పొట్టిదై పెదవి మీద గుచ్చుకుంటున్నది. ఆమె నా వైపు చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దింది. మా ఇంట్లో ఆ సైగకు ఒకటే అర్థం. అతుకు.

మూడు మూరల మాట నాకు గుర్తుంది. అయినా పోయాను. వేరే పట్టు దారం లేదు. ఉన్న పొట్టి కొసను పక్కనున్న దారంలోనే కలిపేశాను. ఆమె తాగే జావ గిన్నెలో వేలు ముంచి, పీచు విప్పి, తడిపి, మెలేశాను. తెగిపోయిన రెండో ముక్కను ప్లాస్టరు కింద నుంచి లాగి పారేశాను. ఆరింది. మేనత్త వేలితో తడిమి చూసింది. దొరకలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టింది, మొట్టడానికి కాదు. నా పనికి ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

మధ్యాహ్నం డాక్టర్ సాబ్ వచ్చాడు. వంగి దారాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిది.

సూది ఏది అని అరిచాడు. మా మూట విప్పించాడు. చాప దులిపించాడు. మేనత్త జుట్టు విప్పించి వెతికించాడు. నన్ను గోడకు నిలబెట్టి, "సూది ఏడ దాచినవ్? పట్నంల దాని ధర ఎవ్వలు చెప్పిన్రు నీకు?" అని అడిగాడు. మేం సూది ముట్టలేదని చెప్పాను. అది నిజం. నేను సూదిని ముట్టలేదు. దారాన్ని ముట్టాను. ఆయన అడిగింది సూది గురించి. పదేళ్ల బుర్రకు ఆ రెండూ ఒకటే లెక్క అని తోచలేదు.

తర్వాత నర్సమ్మ మీద పడ్డాడు. పొద్దున తొమ్మిదని రాసింది నువ్వే గదా, అయితే నువ్వు అబద్ధమన్నా రాసినవ్, దొంగతనమన్నా చేసినవ్ అన్నాడు. అప్పుడు మా మేనత్త ఒక పని చేసింది. మాట రాని నోటితో, మంచం మీద నుంచి చెయ్యి చాచి నర్సమ్మను చూపించింది. అదే తీసింది అన్నట్టు వేలు ఆడించింది.

నర్సమ్మ ఆ వేలి వైపు చూసింది. బీరువా తెరిచి ఒక గాజు డబ్బా తెచ్చింది. దానిలో ఒక కడ్డీకి రెండు బంగారు రేకులు వేలాడుతుంటాయి, ఊపిరి తగిలితే చిరిగేంత పలచన. ఒక పుల్లను పట్టు గుడ్డతో రుద్ది కడ్డీ పైకొసనున్న గుండుకు తాకిస్తే ఆ రేకులు రెండూ విడిపోయి రెక్కల్లా నిలబడతాయి. దగ్గర్లో రేడియం ఉంటే నిలవలేవు, వాలిపోతాయి. మేనత్త ఉన్న గదిలో అవి ఎట్లాగూ వాలిపోతాయి కనుక డబ్బాను పెరట్లో, రాతి గోడకు అవతల దూరంగా పెట్టింది. ఒక్కో వస్తువునూ అక్కడికి తెచ్చి పెట్టింది. మా మూట. చాప. ఉమ్మి గిన్నె. తూము దగ్గర ఎత్తిన మట్టి. దులిపిన చెత్త. తర్వాత నన్ను. చివరికి తన జేబులు తిరగేసి తనే పక్కన నిలబడింది. ప్రతిసారీ రేకులు నిలబడే ఉన్నాయి. నేను వాటినే చూస్తూ ఉన్నాను. మనిషి మాట నమ్మని చోట ఆ రెండు రేకులు మా తరఫున నిలబడ్డాయనిపించింది.

లోపలికి వచ్చి డాక్టర్ సాబ్‌తో చెప్పింది. బయట ఎక్కడా లేదు. బయట లేనిది లోపలే ఉంది. తొమ్మిదీ ఆమె దవడలోనే ఉన్నాయి.

"అయితే తొమ్మిదో దారం ఏది?" అన్నాడాయన.

దారం అన్న మాట అప్పుడు విన్నాను. నేను అతికిన సాబ్ అన్నాను. రెండు దారాలు ఒక్కటి చేసిన అన్నాను.

ఆయన బ్యాటరీ లైటు తెప్పించి మేనత్త చెంప దగ్గర వంగి చూశాడు. ఒక్కో దారాన్నీ చూశాడు. "ముడి ఏది?"

"ముడి ఉండదు సాబ్. ముడి వేస్తె మగ్గంల తెగుతది."

"నేతోళ్ల పోరివి గద. అబద్ధం గూడ నున్నగనే నేసినవ్."

గోరువెచ్చని నీళ్లు ఇస్తే గంజి నానుతుందనీ, ఐదు నిమిషాల్లో అతుకు విడదీసి చూపిస్తాననీ చెప్పాను. నర్సమ్మ వెంటనే పోయి గిన్నెలో నీళ్లు తెచ్చింది. తెచ్చి ఆయనకూ మంచానికీ మధ్య నిలబడింది. రేకుల లెక్క ఒకసారి, పిల్ల మాట ఒకసారి కలిపి చూడమంది. ఆయన వినలేదు. రేకులు వాలినయా లేదా అని పట్నానికి జవాబు రాయాల్నా నేను అన్నాడు. ఒకటి పోయింది, మిగిలిన ఎనిమిదైనా ఇప్పుడే నా చేతిలోకి రావాలి అన్నాడు. గిన్నెను పక్కకు నెట్టాడు. పటకారుతో దారం పట్టి లాగడం మొదలుపెట్టాడు.

అప్పుడు గంట రెండు కొట్టింది. నేను ముడి వేశాను. చేతికి అలవాటైన పని కనుక వేశాను.

ఏడు దారాలకు ఏడు సూదులు వచ్చాయి. ఎనిమిదో దారానికి రెండు వచ్చాయి. రెండో సూది దారి తప్పి కండను చీల్చుకుంటూ వచ్చింది. మేనత్త అరుపు వాకిట్లో చప్రాసీ దాకా వినపడింది. గిన్నెలో తొమ్మిది సూదులు. డాక్టర్ సాబ్ వాటిని పటకారు కొసతో మూడు మూడుగా జరిపి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. సూదులు కడిగి పెట్టెలో పెట్టమని చెప్పి చేతులు కడుక్కున్నాడు.

ఇంకా నలభై ఐదు గంటలు ఉన్నాయని నర్సమ్మ ఆయన వెనక నడుస్తూ చెప్పింది. మళ్లీ పెట్టమని అడిగింది. ఐదు రోజులు పడ్డది గద, చాలు, అన్నాడు. దవడ చీలింది, ఇప్పుడు పెట్టేందుకు రాదు, పెట్టె రేపు బస్సుకు పోవాలి, అన్నాడు. ఐదు నిమిషాలు ఇవ్వలేని మనిషి నలభై ఐదు గంటలు తీసుకున్నాడు.

మర్నాడు సీసం పెట్టె పట్నం పోయింది. ఆ మర్నాడు నర్సమ్మను పంపించేశారు. రోగి పిల్లను దారాల దగ్గరికి రానిచ్చిందని కారణం రాశారట. తొమ్మిదని సరిగ్గా రాసిన మనిషి పోయింది. ఎనిమిదని అరిచిన మనిషి ఉన్నాడు. ఆమె తన బట్టల పెట్టె పట్టుకుని వార్డు ముందు నుంచే నడిచింది. నేను పరుగెత్తి పోయి ముందు నిలబడ్డాను. నా చేతిలో ముడుల దారం ఉంది. ఎన్ని, అని అడిగింది. నూట ఇరవై మూడు అన్నాను. తలాడించింది. "గా లెక్క సరిగ్గనే ఉంది," అంది. "ఇంక మిగిలిందాన్ని తొమ్మిదితోని గుణించు. రాకుంటే నేర్చుకో." మా అత్త సంగతి అడగలేదు. నన్ను క్షమించానని కూడా అనలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చాక ఆముదం గింజలు తెచ్చి నేల మీద పేర్చాను. వరుసకు తొమ్మిది, నలభై ఐదు వరుసలు. మొదటిసారి నాలుగు వందల నాలుగు వచ్చింది. ఒక గింజ చాప కిందికి పోయింది. రెండోసారి నాలుగు వందల ఐదు. మూడోసారీ అంతే. అప్పుడు నమ్మాను. మేనత్త గడప మీద కూర్చుని చూసింది. ఏం లెక్క అని అడిగింది. చెప్పాను. లేచి లోపలికి పోయింది. ఆ నర్సమ్మ గురించి ఆమె నోటి నుంచి మంచి మాట వస్తుందని పదకొండు నెలలు చూశాను. రాలేదు. పుండు ఏడో నెలలో మళ్లీ లేచింది. చివరి వారం నీళ్లు దిగనప్పుడు ఒకసారి నా చెయ్యి పట్టుకుని, వేళ్ల కొసలు తడిమి చూసింది. బీటలు ఉన్నాయేమోనని చూసిందని నాకనిపించింది. అంతకంటే ఎక్కువ నేను రాయలేను.

ఆ నలభై ఐదు గంటలూ సూదులు ఉండి ఉంటే ఆమె బతికేదా అని మా వాళ్లు చాలామంది అడిగారు. నాకు మంగలం గుర్తుకొస్తుంది. ఏ ఒక్క గింజ సంగతీ ఎవరూ చెప్పలేరు. అందుకని ఆమె చావును నేను ఎవరి మీదా వేయలేదు. కాని ఇస్తామన్నది ఎంత, ఇచ్చింది ఎంత అనేది గింజ సంగతి కాదు. అది చెప్పొచ్చు.

అప్పటి నుంచి నేను వేసే ప్రతి అతుకుకూ కనపడేట్టు ఒక ముడి వేస్తాను. మగ్గంలో తెగితే తెగనీ. పిల్లలు నవ్వుతారు, ఇంత చేతిపని తెలిసి ఇట్లా వేస్తావేమని. ఎవరైనా ఒక లెక్క చెబితే, నువ్వు లెక్కపెట్టింది సూదులా, దారాలా అని అడుగుతాను. వాళ్లకు అర్థం కాదు, మళ్లీ లెక్కపెట్టుకుని వస్తారు. అది చాలు.

ఆ నాలుగు వందల ఐదులో నా వంతు ఎంత, ఆయన వంతు ఎంత అని ఎన్నోసార్లు విడదీసి చూశాను. మూడు మూరలు దాటింది నేను. అతికింది నేను. లాగింది ఆయన. విడదీయడం రాలేదు. మొత్తం మాత్రం మారదు. తర్వాత నేర్చుకున్న లెక్కతో ఇంకోటి కూడా చూశాను. ఆ తొమ్మిది సూదులు ఎక్కడో ఒక సీసం పెట్టెలో ఉండే ఉంటాయి. ఈ నలభై ఏళ్లలో వాటి బలం వెయ్యికి పదిహేడు పాళ్లే తగ్గి ఉంటుంది. ఇప్పుడు తెచ్చి పెట్టినా నలభై ఐదు గంటలకు ఇంకో ముప్పావు గంట కలిపితే పడవలసిందంతా పడుతుంది. ఇవ్వడానికి వాటికి ఇంకా శక్తి ఉంది. తీసుకునే దవడ లేదు.

మా మేనత్తకు పడవలసింది వెయ్యిన్ని ఐదు వందల పన్నెండు. పడింది వెయ్యిన్ని నూట ఏడు. ఈ రోజుకు కూడా రావలసింది నాలుగు వందల ఐదు.